అమలమ్మ సూదిమందు మహాసంగ్రామము

ఓ కృష్ణాతీరవాసులారా! బ్యారేజీ మీదుగా మంచుతెరలు దిగివచ్చి కాలువగట్లనెల్ల ధవళవస్త్రావృతములను గావించి, రిక్షావాడు మొదలు రైల్వే గార్డు వరకు సకలజనుల నాసికలను జలపాతములుగా మార్చిన ఒకానొక డిసెంబరు మాసమున, విజయవాడ మహానగరమందు, గుణదల కొండ దిగువనున్న వీధిలో జరిగిన భయంకర సంగ్రామమును విన్నవించెదను, చెవియొగ్గుడు! ఇందు రథములు లేవు, గజములు లేవు. ఆయుధమొక్కటే, అది సూది. రణరంగమొక్కటే, అది ఆరేళ్ళ అమలమ్మ జబ్బ. కథ ముగియువరకు ప్రభువు ఈ కథకునికి దగ్గు రాకుండ కాపాడుగాక!

ఆ అమలమ్మ సామాన్యురాలు కాదు. చలిగాలి సోకినంతనే ఆయాసమను రాక్షసుడు ఆమె ఛాతీలో దూరి ఈలలు వేయును. పడని పదార్థము నోట పడెనా, దద్దుర్లనెడు దండు ఆమె సుకుమార దేహరాజ్యమును ఆపాదమస్తకము ఆక్రమించును. కిందటి శీతకాలమున ఫ్లూ జ్వరము వచ్చినప్పుడు తల్లి ఎలిజబెత్ ఆ పిల్లను ఒడిలో నిలువుగా కూర్చుండబెట్టుకొని, ఒక ఊపిరి తరువాత ఇంకొక ఊపిరి వచ్చునో రాదో అని ఎదురుచూచెను. ఆ చూపును ఆ ఇంట ఎవ్వరును మరువలేదు.

ఇప్పుడు వీధినిండ మరల ఫ్లూయే. మిషన్ ఆసుపత్రికి పైదేశము నుండి ఫ్లూ టీకా సీసాలు కొన్ని వచ్చినవని విని, ఎలిజబెత్ కూతురితో అచ్చటికి దండు వెడలెను. ఆసుపత్రి డాక్టరు మాణిక్యమ్మ గారు సూది పట్టకముందే ఒక ప్రశ్నాస్త్రమును ప్రయోగించిరి.

"పాపకి గుడ్డు పడుతుందా అమ్మా? ఈ మందు కోడిగుడ్లలో తయారవుతుంది. గుడ్డు పడని పిల్లలకి వేస్తే ఊపిరి మీదికి రావచ్చు. ఇంట్లో బాగా కనుక్కుని రా."

అయ్యో, ఎంత ప్రశ్న! ఆ ఇంట తగులరాని పుండు ఒక్కటే ఉండెను, ఆ ప్రశ్న సరిగా దానికే తగిలెను. రెండేళ్ళ కిందట, తపస్సుకాలమంతయు నీచు ముట్టని ఆ భక్తకుటుంబము ఈస్టరు పండుగనాడు ఒక్క పూటలో సర్వభక్ష్యములపై విరుచుకుపడెను. ఎలిజబెత్ తల్లి తెరేసమ్మ పామర్రు నుండి తన పెరటికోళ్ళ గుడ్లు తెచ్చెను. అత్తగారు ఆదెమ్మ రొయ్యల ఇగురు వండెను. అమలమ్మ రెండును తినెను. పొద్దువాలునప్పటికి పెదవులు వాచెను, ఒళ్ళంతయు దద్దుర్లు లేచెను. నేరము గుడ్డుదా, రొయ్యదా? పిల్లకు రెండును మాన్పించిరి గాని తీర్పు మాత్రము నేటికిని రాలేదు.

ఆ సాయంకాలము వసారాలో సభ తీరెను. మనవరాలి దగ్గు విని పామర్రు నుండి వచ్చియున్న తెరేసమ్మయు, ఆదెమ్మయు, ఉభయ వీరమాతలును ఎదురెదురు పీటలపై ఆసీనలైరి. ముందుగా ఆదెమ్మ సింహనాదము చేసెను.

"ఆనాడే చెప్పాను వదినగారూ, మీ గుడ్లే కొంప ముంచాయని. ఇప్పుడా గుడ్డు రసాన్ని సూదితో ఎక్కిస్తారా? నేను బతికుండగా నా మనవరాలికి వెయ్యనివ్వను!"

తెరేసమ్మ పైటకొంగు బిగించి ప్రతినాదము చేసెను. "మా కోళ్ళ జోలికి రాకండి! నూకలు తిని పెరిగిన కోళ్ళు. మీ రొయ్యలో? బందరు నుంచి బస్సు టాపు మీద ఎండలో ఊరేగొచ్చాయి. ఇంటికి చేరేసరికి వాటికే జ్వరం!"

"బతికున్న రొయ్యలండీ అవి!"

"బతికుంటే బస్సు దిగి పారిపోయేవి."

చూచితిరా జనులారా! గుడ్ల పరువు నిలువవలెనన్న సూది వేయవలెను, రొయ్యల పరువు నిలువవలెనన్న సూది మానవలెను. నడుమ పిల్ల దగ్గుచున్నది.

అప్పుడు అమలమ్మ తండ్రియు, పార్సెలు ఆఫీసు గుమాస్తాయు, శాంతమూర్తియునగు జక్కయ్య లేచెను. "ప్రార్థన చేసుకుని దేవుడికే వదిలేద్దాం."

"ఆయన మనకే వదిలేశాడేమోనండీ," అనెను ఎలిజబెత్. "లేకపోతే డాక్టరమ్మ చేత ఆ మాట ఎందుకడిగిస్తాడు?"

ఇది భక్తిలోని లోపమో, లోతో, ఈ అల్పునికి తెలియదు. జక్కయ్య మాత్రము మరల కూర్చుండెను.

ఎలిజబెత్ కూతురిని దగ్గరకు తీసికొనెను. "ఆ పండగ తర్వాత ఎప్పుడైనా గుడ్డు తిన్నావా అమ్మలూ? కొట్టన్లే, చెప్పు."

"లేదు. కేకే తిన్నాను."

"ఏం కేకు?"

"బేకరీ కేకు. జపమాల మొత్తం చెప్తే నాయనమ్మ ఒక ముక్క పెడుతుందిగా, రోజూ."

సర్వనేత్రములును ఆదెమ్మపై నిలిచెను.

"కేకులో ఏం వేస్తారత్తయ్యా?" అని ఎలిజబెత్ మెల్లగా అడిగెను.

"మైదా... పంచదార..." అనుచు ఆదెమ్మ రెండు వ్రేళ్ళు మడిచెను. "అయినా కేకయిపోయాక అది గుడ్డెలా అవుతుందే?"

జక్కయ్య మొగము తువ్వాలులో దాచుకొనెను. తెరేసమ్మ దాచుకొనలేదు, పీట కదులునట్లు నవ్వెను. "విన్నారా! నా గుడ్డు నిర్దోషి!"

ఎలిజబెత్ మాత్రము నవ్వలేదు. మరునాడు సపరివారముగా ఆసుపత్రికేగి సర్వమును నివేదించెను. డాక్టరు గారు తలయూచిరి. "కేకులో గుడ్డు బాగా ఉడికిపోతుంది. కాబట్టి ఆ ధైర్యం కొంతవరకే. ముందు చర్మం కింద ఒక్క చుక్క వేసి చూద్దాం. ఏమైనా అయితే విరుగుడు మందు చేతిలోనే ఉంది. ఫ్లూ వస్తే మాత్రం ఈ పిల్ల తట్టుకోవడం కష్టం. నువ్వు సరేనంటేనే."

ఆ క్షణమున ఎలిజబెత్ కన్నులయెదుట ఒకవైపు వాచిన పెదవులు, ఒకవైపు అందని ఊపిరి నిలిచెను. ఏ దేవదూతయు దిగిరాలేదు. ఆమె సిలువ గుర్తు వేసికొని, "వెయ్యండమ్మా. నేను పక్కనే ఉంటాను," అనెను.

కుడి ముంజేతిపై ఒక్క చుక్క దిగెను. వరండా బల్లపై చెరియొకవైపున కూర్చున్న వియ్యపురాండ్రిద్దరును రెప్పవాల్చక కాపు కాచిరి. అంతలో ఆదెమ్మ పిడుగు వలె అరచెను. "లేచింది! దద్దురు లేచింది! అమ్మా, రండమ్మా!"

డాక్టరు గారు పరుగున వచ్చి చూచిరి. "ఇది దోమ కుట్టిందండీ మామ్మగారూ. మేం మందు వేసింది ఆ చేతికి."

ఆ చేయి నున్నగా ఉండెను. అంతట అసలు సూది జబ్బలో దిగెను. అమలమ్మ చేసిన ఆర్తనాదమునకు కొండమీది పావురములు లేచినవని కొందరందురు. మరల అందరును కాచిరి. పెదవులు వాయలేదు. ఎలిజబెత్ కూతురి ఛాతీకి చెవి ఆనించి వినెను. లోపల ఈల లేదు.

ఆదెమ్మ మనవరాలి తల నిమిరెను. "అయితే తప్పు నా రొయ్యలదే అంటారు. అననివ్వండి వదినగారూ. పిల్ల హాయిగా ఊపిరి తీస్తోంది, అంతే చాలు."

తెరేసమ్మ ఆమె చేయి పట్టుకొనెను.

జయము! జయము! ఓ విజయవాడ పురజనులారా, ఘంటలు మ్రోగింపుడు! మహోగ్ర సమరానంతరము ఆ రణభూమిని అంగుళమంగుళమున శోధింపగా, ఆవగింజంత ఎర్రచుక్క ఒక్కటి తప్ప మరేమియు కానరాలేదు!