దుప్పటి మడతతో చుక్కను గెలిచిన వైనం

సకలజనులూ భోజనానంతర నిద్రాసముద్రంలో మునిగి ఉన్న మధ్యాహ్నం మూడున్నర వేళ, రెండో అంతస్తు వెనుకగదిలో, జిప్పు సగం ఊడిన నీలిసంచి రాక్షసవదనం వలె నోరు తెరుచుకొని ఉండగా, టెలిస్కోపు కొలువులో చిరుద్యోగిని అయిన మనవరాలు అందులోకి మేజోళ్ళను, చార్జరును, దగ్గుమందును శరపరంపరగా విసురుతోంది. నాలుగింటికి కారు వస్తుంది. కొండమీద రెండు వారాల పని.

ప్రయాణమన్న మాట వింటేనే గుండె దడదడలాడే అమ్మమ్మ, ద్వారబంధనిరీక్షణధురంధర, ఉన్ని దుప్పటికి ఒక కొస పట్టుకొని నిలిచింది.

బల్లమీది లాప్‌టాప్‌లో మూడు చిత్రాలు: పోయిన నెల ఆకాశం, నిన్నటి ఆకాశం, నిన్నటిలోంచి పాతదాన్ని తీసివేయగా మిగిలిన బూడిదరంగు శేషం. ఆ శేషమధ్యంలో, అహో, ఆవగింజంత తెల్లచుక్క! దాని కింద 'కొత్తదా?' అన్న ప్రశ్న, 'అవును', 'కాదు' అనే రెండు మీటలు.

"అమ్మమ్మా, కొత్త నక్షత్రమే! 'అవును' నొక్కేస్తున్నా."

"ఆగవే! పోయిన నెలా ఇలాగే నొక్కావు. మీ ఆఫీసు పెద్దాయన ఏమన్నాడు?"

"ఇంకో తప్పుచుక్క పంపితే టెలిస్కోపు ముట్టుకోనివ్వనన్నాడు. కానీ ఇది నిజమైతే? నేను వదిలేస్తే రేపు ఇంకెవరో పట్టేస్తారు. కారొచ్చేలోగా పంపాలి!"

అంతట ఆ వృద్ధవీరాంగన పైటచెంగు అనే దివ్యాస్త్రంతో తెరను తుడిచింది. చుక్క చలించలేదు. ఉఫ్‌మని వాయవ్యాస్త్రం సంధించింది. చలించలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టి, శత్రుశిబిరంలోకి ముక్కు ఆనేంతగా చొచ్చుకుపోయింది.

"దీన్ని ఆనుకుని ఈ నల్లమచ్చ ఏమిటే?"

"పాత బొమ్మలో ఉండి, ఇప్పుడక్కడ లేనిది. నల్లవాటిని పట్టించుకోం. కొత్తగా వచ్చినవాళ్ళనే వెతుకుతాం."

"పోయినవాళ్ళని చూడకుండా వచ్చినవాళ్ళ సంగతి ఎలా తెలుస్తుందే?"

కింద ప్రళయశంఖంలా కారు హారన్ మోగింది. ఇద్దరూ గబగబా దుప్పటి మడిచారు. మడత కుదరలేదు. ఇటు బెత్తెడు అంచు బయటికి పొడుచుకొచ్చింది, అటు బెత్తెడు లోపలికి పోయింది. అమ్మమ్మ నేత్రాలు ప్రజ్వరిల్లాయి. దుప్పటిని ధ్వజం వలె పైకెత్తి గర్జించింది:

"ఓసి పిల్లా! ఇటు ఎక్కువ, అటు తక్కువ! దుప్పటి పెరిగిందా, తరిగిందా? కొసలు కలవలేదు, అంతే! నీ బొమ్మలూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోలేదే. ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు. ఉన్న నక్షత్రమే!"

మనవరాలు నిన్నటి ఆకాశాన్ని వెంట్రుకవాసి జరిపి మళ్ళీ తీసివేసింది. తెలుపూ నలుపూ ఏకకాలంలో అంతర్ధానమయ్యాయి.

"ఛ! పరువు పోయేది అమ్మమ్మా."

దిగ్గజాలు చెవులు మూసుకొనేలా 'కాదు' మీట టిక్కుమంది. లేని నక్షత్రాన్ని లేదని నిరూపించిన ఆ మహావిజయానికి ముల్లోకాలలో ఎవరూ తల తిప్పలేదు.

మనవరాలు దుప్పటిని సంచిలో కుక్కి లేచింది. "సరే, వెళ్తా!"

"వెళ్ళొస్తాననవే!"

"వెళ్ళొస్తా, వెళ్ళొస్తా, వెళ్ళొస్తా! చాలా?"

మనవరాలు పదిహేనో రోజున తిరిగి వచ్చింది. కొండమీద మరిచిన దుప్పటి మాత్రం రాలేదు. అది మార్చి పన్నెండున వెళ్ళింది. ఇప్పుడు నవంబరు.