అల్మరా మీది రాజులు

ఆ డిసెంబరు పొద్దున మనోరమ తలపెట్టిన పని చాలా చిన్నది. వికారాబాదు గ్రంథాలయంలో ఏళ్ళ తరబడి మూత తియ్యని చెక్కపెట్టెలు తెరవాలి. వాటిలోని క్రిస్మస్ సామాను దులిపి హాలు నడుమ ఉన్న పెద్ద బల్ల మీద పరచాలి. ఊళ్ళోవాళ్ళను చూడడానికి రమ్మనాలి. వచ్చినవాళ్ళలో కొందరైనా పోతూ పోతూ ఒక పుస్తకం పట్టుకుపోతే గ్రంథాలయం ఇక్కడే నిలుస్తుంది.

నిలవకపోతే అది తాండూరుకు పోతుంది. గ్రంథాలయ సంఘానికి పెద్ద అయిన బాల్‌రాజ్ తాండూరులో బండల వ్యాపారి. మనుషులు రాని చోట పుస్తకాలెందుకని ఆయన వాదం. తన గోదాము పక్కన ఒక గది ఖాళీగా ఉందని, క్రిస్మస్ ముందురోజు లారీతో వస్తానని, అప్పటికీ చదివేవాళ్ళు కనబడకపోతే అల్మరాలన్నీ ఎక్కించుకుపోతానని కబురు పంపాడు. మనోరమ ఉద్యోగం సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం కనబడి ఉండదు.

ఆ బంగళా ఒకప్పటి జాగీర్దారుది. ఆయన తర్వాత మిషను బడి నడిపిన మార్తా దొరసాని అందులో పిల్లల కోసం పుస్తకాలు చేర్చింది, చివరికి అందులోనే కన్నుమూసింది. బల్లకు ఎదురుగా గోడ మీద ఆమె పటం ఉంది. హాల్లో ఏ మూల నిలబడినా ఆ కళ్ళు మనవైపే చూసేవి. కిటికీల బయట చింతచెట్లు దట్టంగా ఉండడంతో మిట్టమధ్యాహ్నం కూడా లోపల మసకచీకటే. ఎత్తైన పైకప్పు కింద నాలుగడుగులు వేస్తే అయిదు వినిపించేవి. మనోరమ ఆ అయిదో అడుగుకు అలవాటు పడింది.

పెట్టెలు తెరిచేటప్పుడు కాపలాదారు యాదగిరి, దొరసాని కాలం నుంచి ఊడ్చే పని చేస్తున్న అమీనాబీ పక్కనే ఉన్నారు. ఉల్లిపొరంత పలచని గాజు గోళాలు వచ్చాయి. వెండిపొడి అద్దిన కార్డులు, లోపల కొవ్వొత్తి పెట్టే రేకు నక్షత్రం, దొరసాని చేత్తో రాసుకున్న పాటల పుస్తకం వచ్చాయి. చివరి పెట్టెలో పశువులపాక, చెక్కబొమ్మలు. క్రిస్మస్ కథలో పాకలో పుట్టిన బిడ్డను చూడడానికి కానుకలతో వచ్చే రాజులు ముగ్గురూ మూరెడు ఎత్తున ఉన్నారు. వాళ్ళ వీపున చిన్న ఇనుప కడియాలు ఉన్నాయి. ఒంటెకు ముందుకాలు విరిగింది. దాన్ని మనోరమ పెట్టెలోనే ఉంచి మూత వేసింది.

రాజులను పాక ముందు వరసగా నిలబెట్టి, "గివి మస్తు పాతయి. ఎవ్వరు ముట్టుకోవద్దు" అంది.

ఇద్దరూ తలూపారు.

మర్నాడు పొద్దున తాళం తీసి లోపలికి వస్తే పాక ముందు రాజులు లేరు.

దొంగతనం అనుకుంది మొదట. మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వెనక్కి తిరిగితే, హాలు చివర గుమ్మం పక్కనున్న అల్మరా నెత్తిన రాజులు ముగ్గురూ నిలబడి ఉన్నారు. మొహాలు బల్లవైపు తిరిగి ఉన్నాయి. ఆ అల్మరా యాదగిరి చెయ్యి చాపినా అందనంత ఎత్తు. గ్రంథాలయంలో ఉన్న ఒక్క నిచ్చెన మెట్లు విరిగి వానాకాలం నుంచీ మూలన పడి ఉంది.

యాదగిరి ఒక చిన్న బల్ల ఈడ్చుకొచ్చి, దాని మీద కుర్చీ వేసి వాళ్ళను ఒక్కొక్కరినే దించాడు.

"ఎవ్వరితోని చెప్పకు యాదన్నా" అంది మనోరమ. "బాల్‌రాజ్ సాబ్‌కు తెలిసిందంటే, సామాను గూడ సరిగ చూసుకోరని అంటడు."

"నేనెందుకు చెప్తనమ్మా. నా నోట్ల నువ్వుగింజ గూడ నానదు" అన్నాడు యాదగిరి. పదిమందితో చెప్పే ముందు అతను ఎప్పుడూ అనే మాట అది. మనోరమకు ఆ సంగతి తర్వాత గుర్తొచ్చింది.

రాజులను మళ్ళీ పాక ముందు పెట్టింది. ఆ తర్వాతి పొద్దున వాళ్ళు రెండో అల్మరా మీద ఉన్నారు. బల్లకు ఒక అల్మరా దగ్గరయ్యారు.

మూడో పొద్దున యాదగిరి గుమ్మం దాటలేదు. "నడుస్తున్నరమ్మా" అన్నాడు మెల్లగా. "తొవ్వ పట్టుకొని దినాం కొంత నడుస్తున్నరు. గిప్పుడు మూడో అల్మరా. దాని ఎనుక జర చూడు."

చూసింది. రాజులు నిన్న నిలబడిన రెండో అల్మరా మీద కుంటి ఒంటె ఉంది.

మనోరమ పెట్టె మూత ఎత్తింది. ఒంటె ఆకారంలో నొక్కుకుపోయిన గడ్డి తప్ప అందులో ఏమీ లేదు. యాదగిరిని బతిమాలి అన్నిటినీ దింపించి, రాజులను పాక ముందు నిలబెట్టి, ఒంటెను పెట్టెలో పెట్టి, మూత మీద నాలుగు బరువైన నిఘంటువులు పేర్చింది. చేతులకంటిన దుమ్ము దులుపుకుంది.

అమీనాబీ తెల్లవారకముందే వెనక తలుపు తాళం తీసుకొని వచ్చి, ఊడ్చి, మనోరమ వచ్చేలోపే ఇంకో ఇంటికి పనికి పోయేది. నీళ్ళు నింపడానికి మళ్ళీ సాయంత్రం వచ్చేది. వంగిపోయిన నడుము, చెయ్యి ఎత్తితే అల్మరాలో రెండో అర దాటదు. ఆమె మీద మనోరమకు అనుమానమే లేదు. భయపడి పని మానేస్తే ఆ చీకటి హాలు ఊడ్చే మనిషి మళ్ళీ దొరకదన్నదే దిగులు. అందుకని సూటిగా కాకుండా అడిగింది.

"అవ్వా, పొద్దుగాల నీకు లోపల ఏమన్న కనపడ్డదా?"

అమీనాబీ చేతిలో బిందె ఒక్క క్షణం ఆగింది. "ఏం కనపడ్తది బిడ్డా. నీకు?"

"నాకేం కనపడలే."

"గంతే మరి. ఫికర్ చేయకు" అంది ముసలమ్మ, పటంవైపు చూడకుండా.

ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు. యాదగిరి ఊరుకోక రాజుల కాళ్ళ దగ్గర నిమ్మకాయ, మిరపకాయలు పెట్టాడు. మర్నాటికి రాజులు నాలుగో అల్మరా ఎక్కారు. నిమ్మకాయ రెండుగా కోసి ఉంది. రాజుల మెడల్లో నల్లదారాలు, దారాలకు చిన్న తాయెత్తులు. ఒంటె మూడో అల్మరా మీద ఉంది, మెడలో ఏ దారమూ లేకుండా. నిఘంటువులు పెట్టె మీద పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నానికి గ్రంథాలయం ముందు జనం మూగారు. పెద్దేముల్ నుంచి ఎడ్లబండి కట్టుకొని వచ్చారు, బంట్వారం నుంచి నడిచి వచ్చారు. యాదగిరి నోట్లో నానని గింజ బషీరాబాదు దాకా పోయి మొలకెత్తింది. నడిచే రాజులను చూడడానికి వచ్చినవాళ్ళు వెండిపొడి కార్డుల ముందు నోరు తెరిచారు, గాజు గోళాల్లో తమ మొహాలు చూసుకున్నారు. ఒక ముసలాయన రాజులకు దండం పెట్టి, పనిలో పనిగా పశువైద్యం పుస్తకం కావాలన్నాడు. మనోరమ ఉద్యోగంలో చేరాక అంతమందిని ఒకేసారి చూడలేదు. ఆనందపడదామనుకుంది గాని, వాళ్ళంతా పోయాక ఒక్కతే తాళం వెయ్యాలన్న సంగతి గుర్తొచ్చింది.

బషీరాబాదు దాకా పోయిన మాట తాండూరు మీదుగానే పోయింది. బాల్‌రాజ్ అది విని నవ్వలేదు. గ్రంథాలయం పోతుందని ఆ పిల్లే నాటకం ఆడుతోందని తేల్చుకున్నాడు. చెప్పిన రోజునే, చెప్పిన వేళకు మాత్రం కాకుండా, తెల్లవారుజాము బండికి వికారాబాదులో దిగాడు.

ఆ పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే బంగళా గేటు దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు. లారీ వస్తుందన్న బెంగతో మనోరమ కూడా త్వరగానే వచ్చింది. గేటు దగ్గర గొంగడి కప్పుకున్న యాదగిరి పక్కన, మఫ్లరు చుట్టుకున్న బాల్‌రాజ్ నిలబడి ఉన్నాడు.

"గింత పొద్దుగాల ఏం పని మనోరమా? రాజులను నడిపియ్యనీకా?"

"తాళం తియ్యనీకి వచ్చిన సాబ్."

"తాళం తర్వాత. ముందుగాల కిటికీలకెల్లి చూద్దాం. లోపల నీ మనుషులు ఎవరున్నరో తెలుస్తది. నువ్వు నా పక్కకెల్లి జరగొద్దు."

ముగ్గురూ వరండా ఎక్కారు. కిటికీ కింది సగానికి రంగు పూసిన అద్దాలు. పై సగంలోంచి మునివేళ్ళ మీద నిలబడితే లోపలి గోడ కనబడుతుంది. లోపల ఎక్కడో నేల మీద దీపం ఉన్నట్టు గోడంతా కింది నుంచి పసుపుపచ్చగా వెలుగుతోంది.

ఆ వెలుగులో ఒక రాజు గాల్లోకి లేచాడు.

తొందరేమీ లేదు. కిరీటం, గడ్డం, రెండు చేతులా పట్టుకున్న కానుకపెట్టె, అన్నీ నిదానంగా పైకి వచ్చాయి. గాల్లో ఒకసారి మెల్లగా తిరిగి కిటికీవైపు చూశాడు. మేడంత నీడ ఒకటి దొరసాని పటం మీదుగా పైకప్పుకు పాకింది. రాజు అల్మరా నెత్తిన కాలుపెట్టి, కొంచెం ఊగి, నిలబడ్డాడు. కింద నుంచి రెండో రాజు బయల్దేరాడు.

బాల్‌రాజ్ పక్కకు చూశాడు. మనోరమ అక్కడే ఉంది, చేతిలో తాళంచెవి ఉంది, మొహంలో నెత్తురు లేదు. నాటకం ఆడే మొహం కాదది.

"యాదగిరీ" అన్నాడు ఆయన, చాలా మర్యాదగా, "జర నా చెయ్యి పట్టుకో."

యాదగిరి అప్పటికే గేటు దగ్గర ఉన్నాడు.

ఆ వెంటనే లారీ వచ్చేసరికి బాల్‌రాజ్ రోడ్డు అవతల అరుగు మీద కూర్చున్నాడు. ఒక కాలికే చెప్పు ఉంది. కూలీలు దిగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "దిగొద్దు. ఖాళీ బండే వాపస్ తీస్కపో. గీడి సామాను గీన్నే ఉండాలె. తాండూరుకు ఒక్క కాయితం గూడ రావొద్దు."

ఆ మాట విన్నాక మనోరమ తాళం తీసింది. ఆ గ్రంథాలయం ఇక తనదే. దానిలోకి అడుగుపెట్టడానికే కాళ్ళు రావడం లేదు.

లోపల నేల మీద లాంతరు ఉంది. దాని పక్కన అమీనాబీ, సీతాఫలాలు తెంపే పొడుగాటి దోటి పట్టుకొని, మూడో రాజు వీపు కడియానికి కొక్కెం తగిలిస్తోంది. ఆ దోటి వెనక వరండాలో ఎప్పుడూ ఉండేదే. మనోరమను చూసి ముసలమ్మ ఉలిక్కిపడింది.

"గిదేం పని అవ్వా? ముట్టుకోవద్దన్న గద."

"ముట్టుకునుడు కాదు బిడ్డా, గిది పని. దొరసాని నాకు అప్పజెప్పిన పని. రాజులు దూరంకెల్లి రావాలె. అనంతగిరి గుట్ట దిగినట్టు ఒక్కొక్క అల్మరా దాటుకుంట రావాలె. పండుగ దాటినంకనే పాక కాడికి చేరాలె. పెట్టె తెరిస్తివి, నేను షురూ చేసిన. చెప్పేదేమున్నది?" అమీనాబీ గొంతు తగ్గించింది. "గని బిడ్డా, నీకు చెప్పలే, భయపడ్తవని. నేను పైన పెట్టి పోతున్న. తెల్లారి వచ్చేసరికి మల్ల పాక కాడనే ఉంటున్నరు. దొరసానికి నా మీద కోపమొచ్చి దించుతున్నదని తాయెత్తులు కట్టిచ్చిన. ఎవరో నిమ్మకాయ గూడ పెట్టిన్రు, దిష్టి పోవాలని కోసిన."

"దించుతున్నది నేనే అవ్వా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు అమీనాబీ నవ్వింది, తర్వాత మనోరమ. అన్ని రోజుల భయమూ కళ్ళనీళ్ళయి కారేదాకా నవ్వారు. కళ్ళు తుడుచుకొని మనోరమ రోడ్డు దాటి బాల్‌రాజ్ దగ్గరికి పరుగెత్తింది. అబద్ధం మీద గ్రంథాలయం నిలబెట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

"సాబ్, అది దోటి..."

"చెప్పకు."

"అమీనవ్వ దోటితోని..."

"నాకేం చెప్పకు తల్లీ. నేనేం చూడలే. ఏడాదికి ఎన్ని పుస్తకాలు కావాల్నో కబురు పంపు, కొనిస్త." ఆయన రెండో చెప్పు కోసం కూడా ఆగకుండా లారీ ఎక్కాడు.

మనోరమ తేలికపడ్డ మనసుతో తిరిగి వచ్చింది. అమీనాబీ మూడో రాజును కూడా ఎక్కించి, దోటి గోడకు ఆనించింది.

"అంత మంచిగనే ఉన్నది గని అవ్వా, ఆ ఒంటెను గూడ ఎందుకు ఎక్కిస్తవ్? అది కాలిరిగింది."

"ఒంటెనా?" అంది అమీనాబీ. "దానికి కడియమే లేదు, దోటికి ఎట్ల తగుల్తది? నువ్వే పెడ్తున్నవనుకున్న."

ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. రాజులు నిన్న దాటివచ్చిన అల్మరా మీద ఒంటె నిలబడి ఉంది. కింద పెట్టె మీద నిఘంటువులు కదలలేదు. హాల్లో ఎక్కడో, ఎవరూ వెయ్యని అయిదో అడుగు వినిపించింది.

వాళ్ళు ఆ మాట ఇంకెవరితోనూ అనలేదు. ఆ ఏడూ, ఆ తర్వాత ఏటా, రాజులు దొరసాని చెప్పినట్టే పండుగ దాటాక పాక చేరుకున్నారు. ఒంటె మాత్రం ఒక రోజు ఆలస్యంగా వచ్చేది, కాలు విరిగింది కదా.