అంగారకుడి మీద కాఫీ

ముందుగా ఒక నిజం ఒప్పేసుకుంటాను. డిటెక్టివ్ కథ అని చెప్పి మిమ్మల్ని కూర్చోబెడుతున్నాను గానీ, ఇందులో డిటెక్టివ్‌కి తప్ప మిగతా అందరికీ కాస్తో కూస్తో తెలివుంది.

"సరస్వతీ! నేరస్థుడు పాతాళంలో దాక్కున్నా ఈ సోమసుందరం కళ్లు తప్పించుకోలేడు. ఇలాంటి బుర్ర కొల్లేటికోటలో పుట్టాల్సింది కాదు!"

"పుట్టింది ఏలూరులోనే కదండీ. ఇక్కడికి బడిపంతులుగా బదిలీ అయి వచ్చారు," అంది బాలసరస్వతి, మొగుడి చొక్కాకి గుండీ కుడుతూ.

కేసు ఏమిటంటే, పంచాయతీ రేడియోలో శుక్రవారం సాయంత్రాలు 'గగననౌక' అనే నాటకం వస్తోంది. అంగారక గ్రహం మీద దిగిన కెప్టెన్ జయపాల్ కథ. కథనిండా చిల్లులే. ఒక వారం రాక్షసపీత కెప్టెన్‌ని మింగేసింది. మరుక్షణం ఇద్దరూ కూర్చుని కాఫీ తాగుతున్నారు! ఇంకో వారం నౌక తునాతునకలైంది. వెంటనే అదే నౌకలో అందరూ హాయిగా నిద్రపోతున్నారు.

ప్రెసిడెంటు నరసరాజుగారికి విసుగొచ్చింది. "తలా తోకా లేని కథ కోసం జనం వలలు వదిలేసి వస్తున్నారు మాస్టారూ! ఈ శుక్రవారం కూడా ఇంతే అయితే రేడియో పెట్టె తిప్పి పంపించేస్తాను."

బాలసరస్వతి గుండె గుభేలుమంది. చుట్టూ నీళ్లు. పడవొస్తే ఉత్తరం, లేకపోతే లేదు. స్కూలు ఫైనల్లో సైన్సులో ఫస్టొచ్చిన తనకి, అంగారకుడు ఎంత దూరమో నలుగురికీ చెప్పే అవకాశం వారానికి ఆ అరగంటే.

"నాకంతా అర్థమైపోయింది," అన్నాడు సోమసుందరం గొంతు తగ్గించి. "రచయితని ఎవరో ఎత్తుకుపోయారు! పాపం, కథలో తప్పులు పెట్టి మనకి సంకేతాలు పంపుతున్నాడు. కాఫీ అన్నాడా? అంటే కాఫీ హోటలు వెనక బంధించారు."

"మరి పీత ఏవిటండీ?"

"పీత... ఇంకా విచారణలో ఉంది."

శుక్రవారం ఊరంతా పంచాయతీ ఆఫీసులో చేరింది. సోమసుందరం పెళ్లాం పౌడరు డబ్బా పట్టుకొచ్చాడు. రేడియోలో కెప్టెన్ జయపాల్ అగ్నిగుండం అంచున ఒంటిచేత్తో వేలాడుతున్నాడు. అంతలో ఫిడేలు మొదలైంది. రేడియో చూసుకునే పోతురాజు ఎప్పట్లాగే చుట్ట ముట్టించి, మీట తిప్పి కట్టేయబోయాడు.

"ఆగు! దానిమీద నేరస్థుడి వేలిముద్రలున్నాయి!"

సోమసుందరం ఒక్క గెంతు గెంతి పౌడరు గుమ్మరించాడు. అది ముక్కులోకి పోయింది. తుమ్మాడు. ఆ తుమ్ముకి బల్లమీద బోర్లాపడి, అక్కణ్ణుంచి నేలమీదికి జారాడు. మీట ఊడి ఎటో దొర్లిపోయింది. ఫిడేలు మాత్రం ఆగలేదు. పోతురాజు బ్యాటరీ తీగ పీకబోయాడు.

"ఉండరా! మాటలొస్తన్నాయి!" అని ముందు వరసలో కూర్చున్న సూరమ్మ వాడి చేతిమీద ఒక్కటేసింది.

నిజమే. ఫిడేలు ఆగింది. రాక్షసపీత వచ్చి డెక్కతో కెప్టెన్‌ని పైకి లాగింది. "మొన్న నిన్ను మింగి ఉమ్మేశాను కదా, ఆ ఉప్పదనం ఇంకా నోట్లోనే ఉంది," అంది.

ఊరు ఊరంతా పోతురాజు వైపు తిరిగింది.

"నాకేం తెలుసండీ? మన నాటకాల్లో హార్మోనీ మోగితే లోపల వేషాలు మార్చుకుంటన్నారనే కదండీ! ఉత్త మోతకి బ్యాటరీ తగలేయడం ఎందుకని, చుట్ట కాలేదాకా కట్టేసేవోణ్ణి. బ్యాటరీ అయిపోతే చార్జింగుకి పడవేసుకుని కైకలూరు మొయ్యాల్సింది నేనేగా!"

"నాలుగు నెలల కథ నీ చుట్టలో తగలబడిపోయిందయ్యా!" అంది బాలసరస్వతి.

నరసరాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "పెట్టె ఎక్కడికీ పోదు. నాటకం అయ్యేదాకా దాన్నెవరూ ముట్టుకోకండి."

"కేసు పరిష్కారమైంది!" నేలమీంచే ప్రకటించాడు సోమసుందరం. "మీట ఊడగొట్టడం నా పథకమే."

"తుమ్ము కూడానా అండీ?"

"ముఖ్యంగా తుమ్మే!"

నాటకం అయ్యాక పోతురాజు చాపలన్నీ ఎత్తి మీట కోసం వెతికాడు. బాలసరస్వతి కూడా లాంతరు పట్టుకుని, వంగి వంగి, పాపం, చాలాసేపు వెతికింది. కొంగుముడి మాత్రం గట్టిగా పట్టుకుని.

మీ ఊళ్లో ఏ కథని ఎవరు మధ్యలో మింగేశారో నాకు రాయండి. కొంగుముడి సంగతి మాత్రం పోతురాజుకి చెప్పకండేం.