ముందు ఏ పేరైనా పెట్టండి

ఆ ఉదయం కూతురి పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, భోజనాల వేళలోపు తన మెయిలంతా సొంత డొమైన్‌కు మార్చేసుకుని, పాత ఖాతా మూసేసి, మంచి బట్టలు ఇస్త్రీ చేసుకోవాలి. పెద్దాసుపత్రిలో మెయిళ్ళూ కంప్యూటర్లూ చూసుకునే ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు ఆ రోజే రావాలి మరి. సాయంత్రంలోగా "వస్తున్నాను" అని జవాబివ్వకపోతే ఆ పిలుపు మరొకరికి వెళ్ళిపోతుంది.

తల్లి గుమ్మంలో నిలబడి చూస్తోంది. వీధి చివరిదాకా వెళ్ళి, పొయ్యి కట్టేశానో లేదోనని వెనక్కొచ్చే మనిషి ఆవిడ. ఇంటి తాళానికి మూడు చెవులు చేయించి, ఒకటి కింద కొట్టులో దర్జీ దగ్గరా, ఇంకొకటి ఎదురింటి పళ్ళ డాక్టరు దగ్గరా పెట్టింది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ కీడు ఎంచేసరికే పొద్దు గూకేది, మేలుకు టైము మిగిలేది కాదు.

"ఉన్నది బాగానే ఉందిగా తల్లీ, ఇప్పుడెందుకు కదపడం?"

"అది అద్దె కొంపమ్మా. ఏదో ఒకరోజు వాళ్ళు తాళం వేస్తే మన ఉత్తరాలన్నీ లోపలే. ఇది మన పేరు మీద తీసుకున్న జాగా. రేపు మెయిలు ఎవరి దగ్గర పెట్టుకున్నా చిరునామా మారదు. ఇంకో సంగతి తెలుసా? చివర మన ఇంటిపేరుంటే చాలు, ముందు ఏ పేరు పెట్టి పంపినా నాకే వస్తుంది."

"ఏ పేరైనా?"

"ఏ పేరైనా. దెయ్యం అని పెట్టినా సరే."

తల్లికి గుండె నిండిపోయింది. వీధిలో ఎవరికైనా ఉందా, సొంత చిరునామా! చిన్నప్పుడు రేడియో విప్పి, మళ్ళీ బిగించి, మిగిలిన మరమేకును "ఇది అక్కర్లేదు" అని చేతిలో పెట్టిన పిల్ల. ఆ రేడియో ఇప్పటికీ పాడుతోంది. ఆ మరమేకు ఎందుకైనా మంచిదని తల్లి దాచింది.

నిండిన గుండె అంతలోనే దడదడలాడింది. "దారి కొత్తది కదే. మధ్యలో తెగిపోతే? పాతది ఒక్క నెల ఉంచరాదూ?"

"రెండు కొంపలు దేనికమ్మా? అందరికీ కొత్తది రాసేశాను, ఆసుపత్రికి కూడా. నువ్వెళ్ళి హాయిగా కూచో."

హాయిగా కూచోవడం ఆవిడకు చేతకాని పని. మెట్లు దిగి దర్జీ కొట్టుకు వెళ్ళింది.

"తమ్ముడూ, మా అమ్మాయి కొత్త చిరునామాకి ఒక్క మెయిలు కొట్టి చూడు. ముందు ఏ పేరైనా పెట్టు. 'దర్జీ' అని పెట్టు."

దర్జీ మిషను ఆపి, ఫోను తీసి పంపాడు. "వెళ్ళిందక్కా."

"వెళ్ళడం కాదయ్యా, చేరిందా?"

"అది మీ అమ్మాయిని అడగాలి."

అడిగితే కసురుతుంది. అందుకని ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గరకూ వెళ్ళింది. ఆయన ఒకరి నోట్లో అద్దం పెట్టి ఉండగానే 'పన్ను' అని ఒకటి పంపించింది. ఇంటికొచ్చి, ఎందుకైనా మంచిదని, ఇంకో ఫోను కూడా చేసింది.

దర్జీకి ఆ చిరునామా తెగ నచ్చింది. తన మెయిలు పేరు చివర అన్నీ అంకెలే, ఎవరికీ గుర్తుండదు. వచ్చినవి అమ్మాయి చెబుతుందిలే అనుకుని, 'కొలతలు ఇక్కడికి పంపండి' అని కొట్టు పలక మీద సుద్దతో రాసేశాడు. డాక్టరు తన రోగులకు చెప్పాడు. అది విని పక్కనున్న క్షౌరశాల ఆయనా, సైకిళ్ళు బాగుచేసే ఆయనా తలో పేరు పెట్టుకున్నారు.

"అమ్మా!" అని కేక వినబడేసరికి తల్లి చేతిలో గరిటె జారింది.

"ఎవరమ్మా ఇతను? నడుము రెండంగుళాలు పెరిగిందట, వదులు చెయ్యమని నాకు రాస్తున్నాడు!"

"అయ్యో, పోకిరీ వెధవేమో, పోలీసులకి చెబుదామా?"

"ఈవిడకి కింది దవడ జివ్వుమంటోందట. ఇతని సైకిలుకి బ్రేకులు పడట్లేదట. వందల్లో ఉన్నాయి!"

తల్లి కొంగు నలుపుకుంది. "నేనే తల్లీ. చేరుతోందో లేదోనని..."

"సర్లే. నా పేరుకి వచ్చేవి తప్ప మిగతావన్నీ ఇప్పుడే ఆపేస్తా."

"ఆపకే! ఆసుపత్రికి కూడా ఫోను చేశా."

"ఏమని?"

"'అమ్మ' అని పెట్టి పంపమన్నా. నువ్వు చూసుకోకపోయినా నేను చూస్తాను కదా. ఫోనెత్తినావిడ రాసుకుంది పాపం."

"ఉద్యోగం నీకా, నాకా?"

కూతురు కాసేపు తల పట్టుకుని, తర్వాత ఫక్కున నవ్వి కుర్చీ ముందుకు లాక్కుంది. ఆపడానికి లేదు, వదలడానికీ లేదు. కాబట్టి కొలతలన్నీ దర్జీ పెట్టెకు, పళ్ళ బాధలన్నీ డాక్టరు పెట్టెకు, బ్రేకులు సైకిళ్ళాయనకు వాటంతటవే వెళ్ళేలా ఒక్కొక్క కాలువా తవ్వుకుంటూ పోయింది. భోజనం మరిచిపోయింది. తల్లి వెనక నిలబడి ముద్దలు నోటికందిస్తూ, తెర మీద ఏం జరుగుతోందో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, కన్నార్పకుండా చూసింది.

పొద్దు వాలుతుండగా కింద నుంచి దర్జీ కేకేశాడు. "అక్కా! కొలతలన్నీ నాకొచ్చేశాయి! ఒక్క నడుం కూడా తప్పిపోలేదు!"

అన్నీ చేరవలసిన చోటికి చేరాయి. ఆసుపత్రి మెయిలు మాత్రం లేదు. 'అమ్మ' పేరునా లేదు, కూతురి పేరునా లేదు.

"రాలేదమ్మా," అంది కూతురు.

ఇంతకంటే కీడు ఏం ఎంచాలో తల్లికి మొదటిసారి తోచలేదు. "పాతింట్లో చూశావా?" అంది నెమ్మదిగా.

"అది భోజనాల వేళకే మూసేద్దా..." కూతురు ఆగింది. "ఈ గోలలో మూయలేదు!"

తెరిచింది. పిలుపు పొద్దుటి నుంచీ అక్కడే కూచుని ఉంది. దరఖాస్తులో ఉన్న చిరునామాకే పంపారు వాళ్ళు. అనుకున్న ప్రకారం పని సవ్యంగా సాగి ఉంటే ఆ తలుపు ఎప్పుడో మూసుకుపోయేది. కూతురు గబగబా జవాబు కొట్టి, వెనక్కి తిరిగి తల్లి నడుము వాటేసుకుంది.

ఇంటర్వ్యూలో, "ఒక్కసారిగా మెయిళ్ళు మీద పడితే ఏం చేస్తారు?" అని అడిగారట.

"మొన్న మా వీధి మొత్తం పడిందండీ," అని కూతురు జరిగింది జరిగినట్టు చెప్పింది. పెద్దలందరూ పొట్ట పట్టుకు నవ్వారట. తర్వాత నవ్వాపి, ఎలా సర్దిందో మొదటి నుంచీ చెప్పించుకున్నారట.

ఉద్యోగంలో చేరమన్న మెయిలు 'అమ్మ' పేరునే వచ్చింది. తల్లి దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళు తుడుచుకుని, ఆసుపత్రికి ఫోను చేసి, చేరింది గానీ ఎందుకైనా మంచిది, ఇంకొకటి పంపమంది.