తలుపు తియ్యడానికి ఐదు ఓట్లు

ఆ రోజు పొద్దున వికేంద్రం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకి ఆఫీసుకి వెళ్ళి, యంత్రాల గది సొరుగులో మర్చిపోయిన పాప పుట్టినతేదీ సర్టిఫికెట్ తీసుకుని, పదకొండింటికల్లా బడికి చేరాలి. అక్కడ హెడ్‌మిస్ట్రెస్ తల్లినీ తండ్రినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు అడిగి, పిల్లని చేర్చుకునేదీ లేనిదీ తేలుస్తుంది. ఇద్దరిలో ఏ ఒక్కరు రాకపోయినా సీటు లేదు. కిందటేడు ఇలాగే పిలిస్తే వికేంద్రం ఒక సభలో ఇంటర్నెట్ భవిష్యత్తు గురించి మాట్లాడుతూ ఉండిపోయాడు. సభలో చప్పట్లు మోగాయి, బడిలో సీటు పోయింది. పాప ఏడాది పొడుగునా రెండు బస్సులు మారి దూరపు బడికి వెళ్ళొస్తోంది.

“ఈసారి కూడా ఎగ్గొట్టారంటే నేనూ పాపా ఆ బడి మెట్ల మీదే కూర్చుంటాం. ఇంటికి రాం,” అంది భార్య, అతను చెప్పులేసుకుంటుంటే.

“పదకొండు కాదు, పావుతక్కువకే ఉంటా. చూస్తూ ఉండు.”

“చూస్తానే ఉన్నాగా, ఏడాదిగా,” అందావిడ.

వికేంద్రం అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, ఎప్పుడూ వికేంద్రీకరణ గురించే మాట్లాడతాడని తెలిసినవాళ్ళు కట్టిన పేరు. మూడేళ్ళ కిందట ఒక పెద్ద కంపెనీ ఏ కారణమూ చెప్పకుండా అతని ఖాతా మూసేసింది. పాప మొదటి అడుగులు, చనిపోయిన నాన్న గొంతు, పదేళ్ళ ఉత్తరాలు అన్నీ అందులోనే పోయాయి. నలభైసార్లు మొరపెట్టుకుంటే నలభైసార్లూ ఒకే జవాబు, అదీ మనిషి రాసింది కాదు. ఆ దెబ్బతో అతను మారిపోయాడు. “మొదట్లో ఇంటర్నెట్‌లో వాళ్ళు రాసేవాళ్ళు, మనం చదివేవాళ్ళం. తర్వాత మనం రాశాం, వాళ్ళు సొంతం చేసుకున్నారు. ఇకమీదట మనమే రాద్దాం, మన దగ్గరే ఉంచుకుందాం,” అని కనిపించిన ప్రతివాడికీ చెప్పడం మొదలుపెట్టాడు. కొందరు తప్పించుకుపోయారు. తప్పించుకోలేని ఎనిమిదిమంది సభ్యులయ్యారు. వాళ్ళలో అతని భార్య, బావమరిది కూడా ఉన్నారు.

అలా తొమ్మిదిమందితో సంఘం ఏర్పడింది. ఎనిమిది ఇళ్ళలో తొమ్మిది చిన్న యంత్రాలు. ఎవరి ఫొటో అయినా, ఎవరి ఉత్తరమైనా ముక్కలై అన్ని యంత్రాల్లోనూ దాక్కుంటుంది. ఒక ఇల్లు మునిగినా ఏదీ పోదు. దీనికి యజమాని లేడు, మేనేజరు లేడు. ఏ పని చెయ్యాలన్నా ప్రతిపాదన పెట్టాలి, ఐదుగురు ఫోన్‌లో అవునని నొక్కాలి. ఎవరి పనులు వాళ్ళు ఇంటినుంచే చేసుకుంటారు కాబట్టి మూడో అంతస్తులో ఉన్న రెండు గదుల ఆఫీసుకి ఎవరూ రారు. అందులో ఒకటి ఖాళీ గది. రెండోది అత్యవసరానికి పెట్టుకున్న అదనపు యంత్రాల గది. దాని తాళానికి తాళంచెవి లేదు, అదీ ఓట్లతోనే తెరుచుకుంటుంది. లోపలివైపు పిడి కూడా లేదు. “లోపల పిడి పెడితే దొంగ బయటికి పోవడానికి మనమే సాయం చేసినట్టు” అని వాదించి దాన్ని తీయించింది వికేంద్రమే.

ముందురోజే ప్రతిపాదన పెట్టి, తొమ్మిదిన్నర నుంచి పది నిమిషాలు లోపలికి వెళ్ళే అనుమతి తెచ్చుకున్నాడు. వెళ్ళాడు, చల్లదనం పోకుండా తలుపు దగ్గరికి వేశాడు, సర్టిఫికెట్ దొరికింది, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అక్కడితో బయటికొచ్చేస్తే ఈ కథ లేదు. ఒక యంత్రం మీద దుమ్ము కనిపించింది. తుడిచాడు. పక్కదాని మీదా కనిపించింది. అదీ తుడిచాడు. పదో నిమిషం దాటగానే తలుపు “టక్” అంది.

మొదట అతనికి గర్వమే కలిగింది. తాళం ఎంత నికార్సుగా పనిచేస్తోందో, వ్యవస్థాపకుడని కూడా చూడకుండా! తర్వాత గడియారం చూసుకున్నాడు. ఫోన్ తీసి సంఘానికి ప్రతిపాదన పెట్టాడు: “యంత్రాల గదిలో చిక్కుకున్నాను. తలుపు తెరవండి. అర్జెంటు. వెంటనే ఓటెయ్యండి.” తన ఓటు తాను వేసుకోబోతే ఫోన్ ఒప్పుకోలేదు. లాభం పొందేవాడికి ఓటు ఉండకూడదని రాసుకున్నదీ అతనే. మిగతా ఎనిమిదిమందిలో ఐదుగురు కావాలి.

ఐదు నిమిషాల్లో మూడు ఓట్లు పడ్డాయి. బతుకుజీవుడా అనుకునేలోపు ప్రూఫుల మాస్టారు ఫోన్ చేశారు. ఆయన ముప్ఫై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. నిబంధనల పుస్తకం సంఘం మొత్తంలో పూర్తిగా చదివింది ఆయనొక్కరే.

“ఏ తలుపో రాయలేదు నాయనా. ఆఫీసుకి రెండు తలుపులున్నాయి. అస్పష్టంగా ఉన్న ప్రతిపాదన చెల్లదని మూడో నిబంధన.”

“యంత్రాల గదిలో చిక్కుకున్నానని రాశాక వీధి తలుపు ఎందుకు తెరవమంటాను మాస్టారూ?”

“అది నాకు తెలుసు, నీకు తెలుసు. నిబంధనకి తెలియద్దూ?”

వాదిస్తే ఇంకో పది నిమిషాలు పోతాయని వికేంద్రం పళ్ళు నూరుకుంటూ ‘యంత్రాల గది తలుపు’ అని దిద్దాడు. ప్రతిపాదనలో అక్షరం మారినా పాత ఓట్లు రద్దవుతాయన్న సంగతి, దిద్దాక గుర్తొచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మూడు ఓట్లూ సున్నా అయ్యాయి. టైము పది.

మళ్ళీ ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాడు. ఇద్దరు ఎత్తలేదు. మూడోవాడు బావమరిది.

“ఒరేయ్, నేనురా. తలుపుకి తాళం పడిపోయింది. ఓటెయ్యి.”

అవతలినుంచి మెచ్చుకోలుగా ఒక నవ్వు. “అబ్బ, అచ్చు మా బావ గొంతు దించేశావురా దొంగా!”

“దొంగేంట్రా, నేను!”

“నువ్వు కాదు. మా బావ వారం కిందటే సర్క్యులర్ పంపాడు. చదవనా?” అని చదివాడు కూడా. “‘నా పేరుతో, నా నంబరు నుంచి, నా గొంతుతో, చివరికి నా మొహంతో ఎవరైనా అర్జెంటు, వెంటనే ఓటెయ్యండి అంటే అది నేను కాదు. నేను ఎప్పుడూ ఎవరినీ తొందరపెట్టను.’ ఏమంటావు?”

ఎవడో మోసగాడు తన పేరుతో సభ్యుల్ని బురిడీ కొట్టించబోతే వికేంద్రం ఆ సర్క్యులర్ రాసింది నిజమే. రాసినప్పుడు ఎంత పకడ్బందీగా ఉందో అని రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు కూడా.

“పాప సీటు పోతుందిరా! మీ అక్క నన్ను బతకనివ్వదు!”

“ఇంట్లోవాళ్ళ వివరాలు కూడా పోగేశావన్నమాట. ఉండు, నీ పని చెప్తా,” అని బావమరిది ఫోన్ పెట్టేశాడు.

చెప్పినట్టే చేశాడు. రెండో నిమిషంలో సంఘంలో కొత్త ప్రతిపాదన వచ్చింది: “గదిలో దొంగ ఉన్నాడు. యంత్రాల జోలికి పోకుండా గదికి కరెంటు ఆపాలి.” తలుపు తెరవడానికి ముందువెనకలు ఆలోచించిన సంఘం, కరెంటు తియ్యడానికి ఏమాత్రం ఆలోచించలేదు. ఇందాక ఫోన్ ఎత్తని ఇద్దరు కూడా టకటకా నొక్కారు. లైట్లు ఆరాయి, ఏసీ ఆగింది, యంత్రాలు ఒకటొకటిగా మూగబోయాయి. అయినా సంఘం పని మాత్రం ఆగలేదు. ఒకచోట కరెంటు పోయినా మిగతాచోట్ల నడిచేలా కట్టడమే కదా అతని జీవితాశయం. తాళానికీ సొంత బ్యాటరీ ఉంది.

చీకట్లో చెమట కారుతుంటే అతనికి మొదటిసారి నిజంగా భయం వేసింది. అది గది గురించి కాదు. బడి వరండాలో భార్య పక్కన ఖాళీ కుర్చీ, ఆ కుర్చీ వంక చూస్తున్న పాప మొహం అతని కళ్ళ ముందు కదిలాయి. ఫైరింజన్‌ని పిలుద్దామా అనుకున్నాడు. వాళ్ళు గొడ్డళ్ళతో, నీళ్ళతో వస్తే తొమ్మిదిమంది జ్ఞాపకాల గతేమిటని ఆగిపోయాడు. తర్వాత తలుపుని నాలుగు గుద్దులు గుద్దాడు. చెయ్యి నొప్పెట్టింది.

ఆఖరికి వెబ్‌సైట్ల బొమ్మలు వేసే డిజైనరమ్మకి ఫోన్ చేశాడు. మొదట ఓటేసిన ముగ్గురిలో ఆవిడ ఒకతె.

“ఒక ఫొటో పంపండి సార్, నమ్ముతాను.”

ఫోన్ లైటు గడ్డం కింద పెట్టుకుని ఫొటో తీసి పంపాడు.

“ఏమనుకోకండి సార్. ఇందులో మీరు దొంగలాగే ఉన్నారు.”

“అమ్మా, నీకు పుణ్యముంటుంది...”

“పోనీండి. దొంగయినా లోపలున్నది మనిషేగా, ఊపిరాడక పోతే పాపం ఎవరిది? నేను వేస్తున్నా. ఇంకో ముగ్గురితో వేయిస్తా.”

ఆ మాటకి వికేంద్రం కళ్ళు చెమర్చాయి. ఆవిడ అన్నంత పనీ చేసింది. పదీ ఇరవైకి నాలుగు ఓట్లు పడ్డాయి. బావమరిది, మాస్టారు, వాళ్ళవైపు ఇంకొకాయన వద్దన్నారు. మిగిలింది ఒక్క ఓటు, అది భార్యది. ఆవిడ అప్పటికే బడి వరండాలో కూర్చుని ఉంది. తమ్ముడి మెసేజ్ కూడా చేరిపోయింది: “అక్కా, ఎవడో బావ గొంతుతో ఫోన్ చేస్తాడు. నమ్మకు.”

“ఎవరు?” అంది, అతని నంబరు కనిపిస్తున్నా.

“నేనే! ఒట్టు, నేనే. ఆఫీసులో ఇరుక్కుపోయాను. నీ ఒక్క ఓటు చాలు.”

“మా ఆయనైతే ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. పాపని ఇప్పుడు ఏ తరగతిలో చేర్పిస్తున్నాం?”

ఇంత సులువైన ప్రశ్న అడిగినందుకు వికేంద్రానికి ప్రాణం లేచొచ్చింది. “రెండు!” అని అరిచాడు.

అవతలినుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది.

“ఆయనే,” అందావిడ. “దొంగయితే అప్లికేషన్ చూసుకుని మూడు అని చెప్పేవాడు. రెండు కిందటేటి మాట.”

ఎవడి దగ్గరున్న సమాచారం ఎవడిదో వికేంద్రం మూడేళ్ళుగా ఊరందరికీ చెప్పాడు. తన పిల్ల ఏ తరగతో తనకి తెలియలేదు. సిగ్గుతో చీకట్లోనే తల దించుకున్నాడు.

“ఓటేశాను,” అంది భార్య. “మా ముందు ఇద్దరే ఉన్నారు. వస్తారో రారో మీ ఇష్టం.”

పదీ ఇరవై ఐదుకి ఫోన్ మోగింది: “ప్రతిపాదన ఆమోదం పొందింది. అభ్యంతరాల కోసం వేచి ఉండి, గంట తర్వాత తలుపు తెరవబడుతుంది.”

ఆపడానికైనా మూసెయ్యడానికైనా ఒక్క క్షణం, తెరవడానికి గంట. తొందరపాటు నిర్ణయాల మీద రెండున్నర గంటలు ఉపన్యాసం ఇచ్చి మరీ ఆ నిబంధన ఒప్పించింది తనే, ఈ కంగారులో మర్చిపోయాడు. ఇక అతని వల్ల కాలేదు. నేలమీద చతికిలబడి, ఇంత వయసొచ్చి, గట్టిగా ఏడ్చేశాడు.

“ఎవరది లోపల? ఏడుస్తున్నారేంటి?” అంటూ తలుపు బయట గొంతు వినిపించింది. వరండాలు ఊడ్చే ఆయా!

“ఆయా! నేను! తలుపుకి తాళం పడిపోయింది! సర్టిఫికెట్! బడి! పాప!”

“కంగారు పడకండి బాబూ. కాస్త వెనక్కి జరగండి.”

అటువైపు ఖణేల్ ఖణేల్‌మని నాలుగు దెబ్బలు వినిపించాయి. తలుపు బయటివైపుకి తెరుచుకునేది కాబట్టి మడతబందులన్నీ బయటే ఉన్నాయి. ఆయా స్క్రూడ్రైవరూ పాత పచ్చడిబండా పుచ్చుకుని బందుల సీలలు పైకి కొట్టేసింది. తలుపుని బందులవైపు నుంచి లాగి, ఊడబెరికి, గోడకి ఆనించి, చేతులు దులుపుకుంది. మొత్తం రెండు నిమిషాలు పట్టింది.

“ఇది ఇలా ఊడొస్తుందని నీకెలా తెలుసు?”

“ప్రతి శుక్రవారం ఇలాగే తీసి లోపల ఊడుస్తా. మరి దుమ్ము పేరుకుపోదూ?”

“మాకెందుకు చెప్పలేదు?”

“నాకు ఓటు లేదుగా బాబూ,” అంది ఆయా, చీపురు అందుకుంటూ.

వికేంద్రం మెట్లు రెండేసి చొప్పున దిగాడు. దారిలో దొరికిన మొదటి బండి ఎక్కాడు, సగం దారిలో అది ట్రాఫిక్‌లో ఆగిపోతే దిగి పరుగెత్తాడు. బడి గేటు దాటేసరికి పదకొండూ రెండు. చొక్కా తడిసి ముద్దయింది, మొహం నిండా యంత్రాల దుమ్ము. హెడ్‌మిస్ట్రెస్ గది తలుపు మూసి ఉంది. అతను దాని ముందు నిలబడి ఎవరైనా అనుమతిస్తారేమోనని చూశాడు. ఇంతలో లోపలినుంచి పాప గొంతు వినిపించింది.

“నాన్న వస్తారండీ. నాన్నని గదిలోంచి బయటికి పంపాలా వద్దా అని అందరూ ఓట్లేస్తున్నారు.”

వికేంద్రం తలుపు తోశాడు. మామూలు తలుపు, తోయగానే తెరుచుకుంది. భార్య తలెత్తి చూసింది, చూసి పక్కనున్న కుర్చీ మీద బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అతను అందులో కూర్చుని సర్టిఫికెట్ బల్ల మీద పెట్టాడు. అది కూడా తడిసింది.

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు సవరించుకుని అతన్ని ఆపాదమస్తకం చూసింది.

“మూడో తరగతికండీ,” అన్నాడు వికేంద్రం, అడక్కుండానే.

“తెలుసు,” అందావిడ. “మీ పాప బాగా మాట్లాడుతోంది. సీటు ఇస్తున్నాను.”

“కమిటీ ఏమైనా... ఆమోదించాలా అండీ?”

“ఇక్కడ కమిటీ లేదు. నేను చెప్పిందే.”

అంత హాయైన మాట వికేంద్రం మూడేళ్ళలో వినలేదు. పాప బల్ల కిందనుంచి అతని వేలు పట్టుకుంది. ఆవిడ చూపించిన చోటల్లా అతను సంతకాలు పెట్టాడు.

సరిగ్గా పదకొండూ ఇరవై ఐదుకి ఆఫీసులో, గోడకి ఆనించి ఉన్న తలుపుకి తాళం టక్కున తెరుచుకుంది.