రెండు మార్కుల నవ్వు

కథ చదివి ఎవరికి తోచింది వాళ్లు అనుకునే అనాగరిక యుగం ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇకపై కథల్లో ఇబ్బందికరమైన ఘట్టం ఏదొచ్చినా, రచయిత దాన్ని ఏ ఉద్దేశంతో రాశాడో ఉద్దేశ నిర్ధారణ కార్యాలయం వారు తేల్చి, పేజీ అంచున ముద్ర వేస్తారు. ముద్రలు నాలుగే: ఖండన, హెచ్చరిక, జాలి, హాస్యం. పేజీ తిప్పేలోపు పాఠకుడు ముద్రలో ఉన్నది అనుభవించి తీరాలి. ('ఏమో' అని అయిదో ముద్ర కూడా ఉండాలని ఒక అధికారి ప్రతిపాదించారు. ఆయన ప్రస్తుతం పటాల విభాగంలో నదులకు నీలం రంగు వేస్తున్నారు.)

ఆ కార్యాలయం మెట్ల పక్కన బల్ల, కుర్చీ, గొడుగు నావి. లోపలికి వెళ్లేవాళ్లకు దరఖాస్తులు రాసిపెడతాను. అంతకుముందు అదే భవనంలో తూనికలు కొలతల వారు ఉండేవారు. కార్యాలయం మారింది గానీ నా బల్ల మారలేదు. నా చేతి దరఖాస్తు ఒక్కటి కూడా భాషాదోషంతో తిరిగి రాలేదు. మిగతా దోషాలతో వచ్చినవాటికి నేను బాధ్యుణ్ణి కాను.

ఒక రోజు పొద్దున్నే ఒక పెద్దావిడ వచ్చి, చేతిసంచీలోంచి మనవరాలి పరీక్ష పేపరు తీసి నా బల్ల మీద పెట్టింది. తొమ్మిదో తరగతి. పాఠ్యపుస్తకంలోని ఒక ఘట్టం ఇచ్చి, "ఇది చదివినప్పుడు మీకేమి కలిగింది? (2 మార్కులు)" అని అడిగారు. పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసింది: "భయం వేసింది. ఆవిడ లోపల ఎంతసేపు ఉందో రాయలేదు." పక్కన ఎర్ర సిరాతో సున్నా. దాని కింద, "ఉద్దేశం గ్రహించలేదు."

ఘట్టం నాకు కంఠతా వచ్చు. నవ్వుల మాస్టారుగా పేరుబడ్డ రచయితది. ఇంటికొచ్చిన అతిథులకు భర్త తన ఘనకార్యం ఒకటి చెబుతుంటే, భార్య మధ్యలో "అలా జరగలేదండీ" అంటుంది. ఆయన నవ్వుతూ లేచి, ఆవిణ్ణి సామాన్ల గదిలోకి తోసి గడియ పెడతాడు. ఆ తర్వాత రెండు పేజీలూ తలుపు దగ్గర నిలబడి ఆయన వేసే జోకులే. నేను పదిసార్లు చదివి పదిసార్లూ నవ్వాను, అదీ ముద్ర పడకముందే, ఎవరూ చెప్పకుండానే. ఇప్పుడు దానికి హాస్యం ముద్ర ఉంది, తాత్కాలికంగా.

"నవ్వు రాని పిల్లలకి ఆదివారాలు ప్రత్యేక తరగతంట బాబూ," అంది పెద్దావిడ. "అందరి ముందూ నిలబడి ఆ పాఠం చదివి నవ్వాలంట. నవ్వితేనే పై తరగతి. మా పిల్ల నవ్వనంటోంది. అన్నం మానేసి కూర్చుంది. ఆ ముద్ర మార్పించాలి."

"రచయిత స్వయంగా రావాలమ్మా."

"పోయి ఆరేళ్లయింది."

"అయితే వారసులు రావాలి."

"వచ్చాగా. అది రాసింది మా ఆయనే."

"సరే, హాస్యం కాదనడానికి మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా?"

"ఆ గదిలో ఉన్నది నేనే," అంది ఆవిడ, ఇంటి నంబరు చెప్పినట్టు.

నాకు తల కొట్టేసినట్టయింది. నవ్విన ఆ పదిసార్లూ గుర్తొచ్చాయి. కాసేపు కలం మూత తీయడం, పెట్టడం చేసి, ఎంతసేపున్నారని అడిగాను.

"భోజనాలయ్యాయి, కాఫీలయ్యాయి. వాళ్లు వెళ్లేటప్పుడు తీశారు. బియ్యం డబ్బా మీద కూర్చున్నా. బయట పడీ పడీ నవ్వుతున్నారు."

చేసిన పాపం కడుక్కోవాలని, ఆ దరఖాస్తు నేను ప్రాణం పెట్టి రాశాను. అందులో ఒక వాక్యమైతే నా వృత్తి జీవితంలోనే మేటి: "సదరు సమయమున తలుపునకు ఆవల భర్తయు, అతిథులును బిగ్గరగా నవ్వుచుండిరి." రాతిగుండె కూడా ఇక్కడ కరిగి తీరాలని నా ఉద్దేశం.

లోపలికి నేనూ వెళ్లాను. మూడో కౌంటర్ గుమాస్తా దరఖాస్తు పైకెత్తి చూసి, ఫారంలో వేలు పెట్టాడు. "మీరు ఈ కథకి ఏమవుతారమ్మా? రచయితా, పాఠకులా?"

"ఆయన భార్యని."

"ఆ గడి లేదు. పుస్తకం చదివారా?"

"నేనెందుకు చదువుతాను బాబూ!"

"అయితే పాఠకులు కారు. రచయితా కారు. గదిలో ఉన్నది మీరే అంటున్నారు కాబట్టి మీరు పాత్ర. పాత్రలకి కౌంటర్ లేదండీ."

"మరి నేనెవరికి చెప్పుకోవాలి?"

"పాత్రలు ఏదున్నా రచయితకే చెప్పుకోవాలి."

"చెప్పా," అంది ఆవిడ. "అందుకే గదిలో పెట్టారు."

గుమాస్తా ఆ జవాబుకి గడి కోసం ఫారం వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. చివరికి వారసురాలి కోటాలో కాగితం పైకి పంపాడు. ఉద్దేశాధికారి చాలా మర్యాదస్థుడు. ఆవిడకు కుర్చీ వేయించారు, మంచినీళ్లు ఇప్పించారు, నా మేటి వాక్యం కింద పెన్సిలుతో గీత గీశారు. ఆ గీత చూసి, గెలిచేశాం అనుకున్నాను.

మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. "దరఖాస్తుదారు స్వయముగా తెలిపిన ప్రకారము, సంఘటనా స్థలమున రచయితయు, ప్రథమ శ్రోతలును బిగ్గరగా నవ్వినట్లు రుజువైనది. రచయిత ఉద్దేశము హాస్యమేననుటకు ఇంతటి బలమైన సాక్ష్యము ఈ కార్యాలయమునకు ఇంతవరకు లభించలేదు. కావున తాత్కాలిక ముద్రను శాశ్వతము చేయడమైనది. సహకరించిన దరఖాస్తుదారునకు కృతజ్ఞతలు."

గొడుగు అలాగే వదిలేసి మెట్లెక్కి పరిగెత్తాను. "అయ్యా, ఘోరం జరిగిపోయింది! ఆ వాక్యం రాసింది నేను. నా ఉద్దేశం అది కాదండీ!"

ఉద్దేశాధికారి నా వైపు జాలిగా చూశారు. (ముద్ర లేకపోయినా అది జాలేనని నాకు అర్థమైంది.) "ఉద్దేశాలు కథలకండీ," అన్నారు. "దరఖాస్తులో ఏం రాసుందో అదే చూస్తాం."

కిందికొచ్చి, నా బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడకు ఉత్తర్వు చదివి వినిపించాను. తిట్టుకుంటుందేమో, కనీసం నన్నయినా తిడుతుందేమోనని చూశాను. ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది.

"పోన్లే బాబూ. పిల్లకి నేనే నేర్పిస్తా. తలుపు తీశాక అందరూ నా మొహమే చూస్తున్నారు, నేనూ నవ్వుకుంటూనే బయటికొచ్చాను. ఆ తర్వాత కూడా చాలాసార్లు నవ్వాను. పెద్ద కష్టమేం కాదు."

ఆదివారం ప్రత్యేక తరగతిలో ఆ పిల్ల తరగతి ముందు నిలబడి పాఠం చదివి నవ్విందట. రెండుకి రెండూ వేశారు. పేపరు మీద ఎర్ర సిరాతో ఇలా ఉంది: "నవ్వు చాలా సహజముగా నున్నది. ఇంటివద్ద పెద్దలు శ్రద్ధ తీసుకొన్నట్లు తెలియుచున్నది."