నైరుతి మూలన మంత్రిగారు

"భాష రాదన్న కారణంతో ఈ దేశంలో ఏ మనిషీ బ్యాంకు గడప నుంచి ఉత్తచేతులతో వెనక్కి వెళ్ళడు. ఇది నా మాట" అని కేంద్ర బహుభాషా బ్యాంకింగ్ సహాయమంత్రి జనార్దనరావుగారు ఢిల్లీలో ప్రకటించినప్పుడు నేను ఆయన వెనకాలే నిలబడి ఉన్నాను. ఆయన ప్రెస్‌నోట్లు రాసేది నేనే కాబట్టి చప్పట్లు ఎక్కడ కొట్టాలో నాకు ముందే తెలుసు. అలాంటి శాఖ ఒకటి ఉందని విలేఖరులకు తెలిసింది మాత్రం ఆ రోజే.

పథకం చాలా గొప్పది. జనదీప్ బ్యాంకు పెద్దపెద్ద ఆసుపత్రుల్లో టచ్‌స్క్రీన్ మిషన్లు పెడుతుంది. అందులో హిందీ, ఇంగ్లీషు, తెలుగు ఉంటాయి, అరబిక్ కూడా ఉంటుంది. ఇరాక్ నుంచీ యెమెన్ నుంచీ వైద్యానికి వచ్చేవాళ్ళు ఫరీదాబాద్, గురుగ్రామ్ ఆసుపత్రుల్లో ఎంతమంది ఉన్నారో మంత్రిగారు స్వయంగా గమనించారు. ఆయన బీపీ చూపించుకునేది కూడా అక్కడే.

తెరలు తయారుచేసింది సహస్ర అనే హైదరాబాదు అమ్మాయి. సమీక్షా సమావేశంలో అరబిక్ తెర గోడ మీద వేసి చూపించింది.

"వాళ్ళు కుడి నుంచి ఎడమకి చదువుతారు సార్. అందుకని అద్దంలో చూసినట్టు మొత్తం తిప్పేశాం. మనకి 'సరే' బటన్ కింద కుడివైపు ఉంటుంది, వాళ్ళకి కింద ఎడమవైపు. అలవాటుగా వేలు అక్కడికే వెళుతుంది."

మంత్రిగారు దీర్ఘంగా ఆలోచించారు. "మనలాగా ఎడమ నుంచి చదవడం వాళ్ళకి నేర్పిస్తే ఎన్నాళ్ళు పడుతుందంటావమ్మా?"

"పైలట్ ప్రాజెక్టుగా చేయొచ్చు సర్" అన్నాడు జాయింట్ సెక్రటరీ రాజీవ్, పెన్ను తీస్తూ. అతనిది లక్నో. తెలుగు బాగా అర్థమవుతుంది, మంత్రిగారి తెలుగైతే ముందే అర్థమవుతుంది.

ఆ సమావేశానికి హైదరాబాదు నుంచి విమానంలో శేషగిరి సిద్ధాంతిగారు కూడా వచ్చారు. కొళాయి మార్చాలన్నా వాస్తు చూపించే మంత్రిగారు, తన ఫొటో ఉండే తెరని చూపించకుండా ఎలా వదిలేస్తారు? సిద్ధాంతిగారు కళ్ళద్దాలు తుడుచుకుని మిగతా భాషల తెరలన్నీ చూసి తల ఊపారు. అరబిక్ దగ్గర ఆగిపోయారు.

"పటంలో ఉత్తరం పైన ఉంటుంది. అవునా? అయితే కింద ఎడమవైపు ఏ మూల?"

"నైరుతి" అన్నారు మంత్రిగారు. ఆ గదిలో దిక్కులు తెలిసినవాళ్ళు వాళ్ళిద్దరే.

"నైరుతిలో ద్వారం పెట్టారా? డబ్బంతా అటునుంచే బయటికి పోతుందా? యజమానికి స్థానభ్రంశం తప్పదు."

బ్యాంకుకి యజమాని ఎవరని ఎవరూ అడగలేదు. అందరూ మంత్రిగారి వైపు చూశారు.

"తీసెయ్యండి" అన్నారు మంత్రిగారు.

"బటన్ లేకపోతే డబ్బు వెళ్ళదు సార్" అంది సహస్ర.

"రెండు వైపులా ఆలోచించాలి మేడమ్" అన్నాడు రాజీవ్. "బటన్ లేకపోతే డబ్బు వెళ్ళదు. బటన్ ఉంటే సర్ వెళ్ళిపోతారు."

పోనీ ఇంకో మూలకి మారుద్దామంటే ఖాళీ లేదు. ఈశాన్యం ఖాళీగా ఉంచాలి, వాయవ్యం బ్యాంకు గుర్తుకి, ఆగ్నేయం 'రద్దు' బటన్‌కి అని సిద్ధాంతిగారు అప్పటికే పంచేశారు. నైరుతిలో మాత్రం బరువు పెట్టి తీరాలన్నారు. శాఖలో అన్నిటికన్నా బరువైనది ఏదని వెతకనక్కర్లేకపోయింది. మంత్రిగారి నవ్వుతున్న ఫొటో అరబిక్ తెరలో కింద ఎడమ మూలకి చేరింది.

బయటికి వచ్చాక సహస్రతో, బాధపడకమ్మా అన్నాను.

"బాధేం లేదు అంకుల్. బటన్ తీసెయ్యమన్నారు, తీసేశాను. ఫొటో పెట్టమన్నారు, పెడతాను. ఫొటో నొక్కితే డబ్బు వెళుతుంది. వద్దని ఎవరూ అనలేదుగా?"

నేను ఏమీ వినలేదు. ప్రెస్‌నోట్లు రాసేవాడికి ఉండాల్సిన మొదటి లక్షణం అది.

ప్రారంభోత్సవం ఫరీదాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో జరిగింది. ప్రారంభోత్సవానికి లబ్ధిదారుడు కావాలి కదా, రాజీవ్ హైదర్‌ని పట్టుకొచ్చాడు. హైదర్‌ది బస్రా. తల్లికి గుండెలో కవాటం మార్చాలి. డిపాజిట్ కడితేనే ఆపరేషన్‌కి తీసుకెళతామని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. ఇంటినుంచి డబ్బు వచ్చి అతని ఖాతాలో పడింది కానీ, దాన్ని ఆసుపత్రికి ఎలా పంపాలో బ్యాంకువాళ్ళు చెప్పింది అతనికి అర్థంకాలేదు, అతను అడిగింది వాళ్ళకి అర్థంకాలేదు. వార్డుబాయ్‌ల దగ్గర నేర్చుకున్న కాస్త హిందీతోనే నెట్టుకొస్తున్నాడు.

రిబ్బన్ కత్తిరించారు. హైదర్ తెర ముందు నిలబడ్డాడు. తన భాష కనబడగానే అతని మొహం విచ్చుకుంది. చకచకా వివరాలు కొట్టాడు. చివర్లో వేలు కింద ఎడమ మూలకి వెళ్ళి ఆగిపోయింది. అక్కడ మంత్రిగారు నవ్వుతున్నారు. హైదర్ తెరంతా వెతికాడు, వెనక్కి తిరిగి మమ్మల్నందరినీ చూశాడు. పై అంతస్తులో తల్లి ఉంది.

జనంలో వెనకెక్కడో నిలబడిన సహస్ర తన ముక్కు మీద తాను వేలు పెట్టుకుంది.

హైదర్ మంత్రిగారి ముక్కు నొక్కాడు. రసీదు బయటికి వచ్చింది. అతను దాన్ని ముద్దుపెట్టుకున్నాడు, ఆ ఊపులో తెర మీద మంత్రిగారిని కూడా ముద్దుపెట్టుకుని లిఫ్ట్ వైపు పరిగెత్తాడు. కెమెరాలన్నీ మెరిశాయి. 'మంత్రి చిత్రాన్ని తాకి పులకించిన విదేశీయుడు' అని నేను రాసిన శీర్షికని మర్నాడు పత్రికలు ఒక్క అక్షరం మార్చకుండా వేశాయి. ఆపరేషన్ కూడా బాగా జరిగింది.

తెర మీద జనం ఎక్కడెక్కడ వేలు పెడుతున్నారో మిషనే లెక్క రాసుకుంటుందట. నెలాఖరుకి ఆ లెక్క మంత్రిగారి బల్ల మీదికి వచ్చింది. అరబిక్ తెరలో వచ్చినవాడల్లా మంత్రిగారిని ముట్టుకునే వెళుతున్నాడు.

"మరి తెలుగు తెరలో ఒక్కడూ ముట్టుకోలేదేమయ్యా?" అని నన్ను అడిగారు.

"మనవాళ్ళది దూరం నుంచి దణ్ణం పెట్టుకునే భక్తి సార్."

ఆయన సంతృప్తి పడ్డారు. అరబ్బు దేశాల్లో తనకింత ఆదరణ ఉండగా విదేశాంగ శాఖ తనకెందుకు ఇవ్వకూడదని, ఆ లెక్కలన్నీ జతచేసి అధిష్ఠానానికి విన్నవించుకున్నారు. అధిష్ఠానం వెంటనే స్పందించింది. మంత్రివర్గంలో మార్పులు జరిగినప్పుడు ఉన్న శాఖ కూడా పోయింది.

సిద్ధాంతిగారిని నిలదీస్తే, "నైరుతిలో బరువు పెట్టమన్నాను గానీ, దాన్ని రోజూ పొడవమన్నానా?" అన్నారు.

కొత్త మంత్రిగారు వచ్చీరాగానే పాత మంత్రి ఫొటోలన్నీ తీయించారు. గోడల మీదివి, క్యాలెండర్ల మీదివి, తెరల మీదివి. ఫొటోతో పాటు ఇంకేమైనా పోతుందేమో అడుగుదామంటే సహస్ర అప్పటికే ఉద్యోగం మారి వెళ్ళిపోయింది. రాజీవ్ మాత్రం ఆదేశం పూర్తిగా అమలైందని అదే రోజు రిపోర్టు పంపాడు.

మొన్న జనార్దనరావుగారు బీపీ చూపించుకోవడానికి వెళుతూ నన్ను కూడా రమ్మన్నారు. ఇప్పుడు నేను కొత్త మంత్రిగారికి రాస్తున్నా, పాత ఉప్పుకి విలువ ఉంటుంది కదా. ఆసుపత్రి హాల్లో మిషన్ ముందు హైదర్ ఉన్నాడు. పక్కనే చక్రాల కుర్చీలో తల్లి, ఒళ్ళో సూట్‌కేసు. ఆపరేషన్ తర్వాతి పరీక్షలన్నీ అయిపోయాయట, మిగిలిన బిల్లు కట్టేస్తే ఆ సాయంత్రం విమానానికి ఇంటికి బయల్దేరతారు. హైదర్ తెర మీద ఖాళీగా ఉన్న కింద ఎడమ మూలని నొక్కుతున్నాడు. నిమిరి నొక్కుతున్నాడు, గోటితో నొక్కుతున్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ నొక్కుతున్నాడు.

జనార్దనరావుగారు నా భుజం పట్టుకున్నారు. "చూశావటయ్యా? ఫొటో తీసెయ్యగలిగారు గానీ, ఆ పిల్లాడి మనసులోంచి నన్ను తియ్యగలిగారా?"

అలికిడికి హైదర్ వెనక్కి తిరిగాడు. జనార్దనరావుగారి మొహం చూశాడు. ఒక్కసారిగా అతని మొహం వెలిగిపోయింది. "అచ్ఛా, భయ్యా, ఇధర్ హై" అంటూ, ఇదిగో ఇక్కడ అన్నట్టు గబగబా దగ్గరికి వచ్చాడు. జనార్దనరావుగారు కౌగిలింత కోసం రెండు చేతులూ చాచారు.

హైదర్ ఆయన ముక్కు మీద చూపుడువేలు పెట్టి మెల్లిగా నొక్కాడు. నొక్కి, మెడ తిప్పి మిషన్ వైపు చూశాడు. రసీదు రాకపోయేసరికి ఈసారి కాస్త గట్టిగా నొక్కాడు.